బ్యాక్టీరియా నెగటివ్, పెప్సినోజెన్ రేషియో తక్కువ: ఒక ఉద్దానం జీడి రైతు కేసు

రోగి 57 ఏళ్ల పురుషుడు. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలున్న చిన్నకారు రైతు. ఈ కేసు రాయడానికి ఆయనా, ఆయన కొడుకూ ఒప్పుకున్నారు. మనిషిని గుర్తుపట్టే వీల్లేకుండా ఇంటి వివరాలు కొన్ని మార్చాను. శ్రీకాకుళం జిల్లాలో పీహెచ్‌సీల్లో, చిన్న ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు ఉపయోగపడాలన్నది మొదటి ఉద్దేశం. ఇంట్లో ఎవరికైనా హెచ్. పైలోరీ బ్యాక్టీరియా, పెప్సినోజెన్ (అన్నాశయంలో తయారయ్యే ఒక ప్రొటీన్) పరీక్షల రిపోర్టు ఇలాంటిది వచ్చి టెన్షన్ పడుతున్నవాళ్లకు కూడా అర్థం కావాలని అక్కడక్కడా ఆగి వివరించాను.

వచ్చిన బాధ

"నాలుగు ముద్దలు తినీసరికి కడుపు నిండిపోతాది బాబూ, ఇంక దిగదు." ఆయన చెప్పిన బాధ ఇంతే. ఏడెనిమిది నెలలుగా ఇలాగే ఉందట. నొప్పి పెద్దగా లేదు, వాంతుల్లేవు, నల్ల విరేచనాలు కాలేదు. మూడు కిలోల దాకా బరువు తగ్గారు. ఆ సంగతి భార్య చెప్పాక ఒప్పుకున్నారు. అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయని మాత్రం తనంతట తానే చెప్పారు. దానికీ కడుపుకీ సంబంధం ఉంటుందని ఆయన అనుకోలేదు, వేరే జబ్బుగానే చెప్పారు.

నాలుగేళ్లకు పైగా రోజూ పొద్దున్నే పరగడుపున పాంటొప్రజోల్ 40 వేసుకుంటున్నారు. మొదట ఎవరు రాశారో గుర్తులేదు. తర్వాత మెడికల్ షాపులో స్ట్రిప్పు చూపిస్తే ఇచ్చేవారు. మన జిల్లాలో ఇది కొత్తేమీ కాదు. గ్యాస్ మాత్రను చాలామంది మందుల లెక్కలోనే వేయరు. "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే "లేదు" అంటారు, "గ్యాస్ మాత్ర?" అని విడిగా అడిగితే "అది రోజూ ఏసుకుంతాను" అంటారు. ఇవి కాక బీపీకి ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్. రోజుకు రెండు మూడు చుట్టలు. భోజనంలో ఎండు చేప, ఆవకాయ లేని రోజు తక్కువ.

వాళ్ల అమ్మగారు యాభైల్లోనే పోయారు. "కడుపులో గడ్డ" అన్నారని, విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లినా లాభం లేకపోయిందని చెప్పారు. కాగితాలేవీ లేవు. కాగితాల్లేకపోయినా ఆ మాటను తీసిపారేయకూడదు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి అన్నాశయ క్యాన్సర్ వచ్చివుంటే మిగిలినవాళ్లకు ముప్పు మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇక కిడ్నీ. ఉద్దానం మనిషి అనగానే క్రియాటినిన్ ఎంత అని అడగడం మాకు అలవాటు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. ఈయన క్రియాటినిన్ 1.9, కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 41. అంటే మూడో దశ. డయాలసిస్ దాకా వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులకు వాడే మాత్రలు కిడ్నీ సంగతి తెలిశాక మానేశారు.

సంచీలోని రిపోర్టులు

కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్న తన దగ్గరికి వచ్చినప్పుడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే హెల్త్ ప్యాకేజీ ఒకటి బుక్ చేశాడు. అందులో కడుపు పరీక్షలు కూడా ఉన్నాయి. ఊళ్లో అంతకుముందు చేయించినవి రెండు. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చారు.

అన్నాశయంలో చేరే హెచ్. పైలోరీ బ్యాక్టీరియాకి యాంటీబాడీలు ఉన్నాయేమో వేలి రక్తంతో చూసే కార్డు పరీక్ష: నెగటివ్. మలంలో హెచ్. పైలోరీ యాంటిజెన్: నెగటివ్. ప్యాకేజీలో క్యాన్సర్ గుర్తులుగా చూసే సీఈఏ, సీఏ 19-9 రెండూ నార్మల్. పెప్సినోజెన్ 1 విలువ 96, పెప్సినోజెన్ 2 విలువ 34 (మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో), రెండింటి రేషియో 2.8. పెప్సినోజెన్ 1 పక్కన ఆకుపచ్చ రంగులో "నార్మల్" అని ఉంది. రేషియో పక్కన చిన్న చుక్క గుర్తు. ఆ చుక్క దేనికో ఎక్కడా రాయలేదు.

హిమోగ్లోబిన్ 10.4. కిడ్నీ జబ్బులో రక్తం తగ్గుతుంది కాబట్టి అదే కారణమని ఇంతకుముందు ఎవరో చెప్పారు. ఆ మాటతో ఆ విషయం అక్కడే ఆగిపోయింది.

ఇంట్లోవాళ్లు తేల్చుకున్నది ఏమిటంటే: బ్యాక్టీరియా లేదు, క్యాన్సర్ రక్త పరీక్ష నార్మల్, కడుపు ప్రొటీన్ నార్మల్, రక్తం తక్కువగా ఉండటానికి కారణం కిడ్నీ. నా దగ్గరికి వచ్చింది ఆకలి పుట్టడానికి టానిక్ రాయించుకుందామని.

నేను ముందు పట్టుకున్నది రక్తహీనతను. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 14, బీ12 విలువ 148. ఇనుమూ లేదు, బీ12 కూడా లేదు. ఇనుము తక్కువైతే ఎర్ర రక్తకణం చిన్నదవుతుంది, బీ12 తక్కువైతే పెద్దదవుతుంది. రెండూ కలిస్తే సగటు సైజు నార్మల్‌గానే కనబడుతుంది. ఈయనకు అలాగే 91 వచ్చింది. కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ మాత్రం ఎక్కువగా ఉంది. ఆ ఒక్క అంకె చూసినా సంగతి ఏదో ఉందని తెలిసేది. కిడ్నీ వల్ల వచ్చే రక్తహీనతలో బీ12 పడిపోదు. చేపలు తినే మనిషికి బీ12 తగ్గిందంటే తిండిలో లోపం కాదు, దాన్ని ఒంటికి పట్టించాల్సిన చోట లోపం. అరికాళ్ల తిమ్మిర్లకు అదే కారణం. ఏళ్ల తరబడి వాడిన పాంటొప్రజోల్ కూడా బీ12ని కొంత తగ్గిస్తుంది కానీ, మామూలుగా ఇంతగా కాదు. అన్నాశయం పైభాగపు పొరలో ఆమ్లాన్నీ, బీ12కి అవసరమయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌నీ తయారుచేసేవి ఒకే కణాలు. ఆ పొర పాడైతే ఇనుము, బీ12 రెండూ తగ్గుతాయి.

పెప్సినోజెన్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పెప్సినోజెన్ అంటే మాంసకృత్తులను అరిగించే పెప్సిన్‌కి ముందు రూపం. చాలావరకు అన్నాశయంలోకే స్రవిస్తుంది. సుమారు ఒక శాతం రక్తంలోకి వస్తుంది, మనం కొలిచేది దాన్నే. ఒకటో రకం అన్నాశయం పైభాగం, మధ్యభాగాల్లోని గ్రంథుల్లోనే తయారవుతుంది. రెండో రకం ఆ గ్రంథులతో పాటు కింది భాగంలోనూ, చిన్నపేగు మొదట్లోనూ తయారవుతుంది. హెచ్. పైలోరీ చేరి పొర వాచినప్పుడు రెండూ పెరుగుతాయి, రెండోది ఇంకా ఎక్కువ పెరుగుతుంది. ఏళ్లు గడిచి పైభాగపు గ్రంథులు నశిస్తే ఒకటోది పడిపోతుంది, రెండోది నిలబడుతుంది. అందుకే రేషియో ముఖ్యం. జపాన్‌లో ఎక్కువగా వాడే హద్దు గీత (కటాఫ్): ఒకటోది 70, అంతకన్నా తక్కువ, రేషియో 3, అంతకన్నా తక్కువ. రెండూ కలిస్తేనే పాజిటివ్.

ఈ పరీక్ష క్యాన్సర్‌ని కొలవదు. గడ్డ నుంచి వచ్చే ప్రొటీన్ కాదిది. గడ్డ పుట్టడానికి అనువైన నేల ఉందా లేదా అన్నదే చెబుతుంది. బ్యాక్టీరియా వల్ల వాపు, తర్వాత గ్రంథులు క్షీణించడం, తర్వాత ఆ పొర పేగు పొరలా మారడం, తర్వాత కణాల్లో వికారం, ఆ తర్వాత క్యాన్సర్. పెలయో కొరియా వర్ణించిన ఈ వరసకు దశాబ్దాలు పడుతుంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం హెచ్. పైలోరీని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. అన్నాశయం పైమూతి దగ్గర కాకుండా మిగతా భాగంలో వచ్చే క్యాన్సర్లలో పదింట తొమ్మిదికి దీనితో సంబంధం ఉంది. అయినా సోకినవాళ్లలో క్యాన్సర్ దాకా వెళ్లేది నూటికి ఒకరి నుంచి ముగ్గురు. మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైగా సోకి ఉన్నా జపాన్, కొరియాలతో పోలిస్తే క్యాన్సర్ తక్కువే. కాబట్టి పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరినీ భయపెట్టడం వైద్యం కాదు.

గ్రంథులు పెద్దగా క్షీణించకుండానే పొరలో విస్తరించే డిఫ్యూజ్ రకం క్యాన్సర్లను పెప్సినోజెన్ సరిగ్గా పట్టలేదు. మొత్తం మీద చూసినా పది క్యాన్సర్లలో మూడింటిని వదిలేస్తుంది. ఇక సీఈఏ, సీఏ 19-9 తొలిదశ అన్నాశయ క్యాన్సర్లలో చాలావరకు నార్మల్‌గానే ఉంటాయి. జబ్బు బయటపడ్డాక చికిత్సకు ఎలా స్పందిస్తోందో చూడటానికి పనికొస్తాయి. హెల్త్ ప్యాకేజీల్లో వాటిని "క్యాన్సర్ స్క్రీనింగ్" అని పెట్టి అమ్మడం నాకు నచ్చదు. నార్మల్ వచ్చిందని జనం రెండేళ్లు నిశ్చింతగా కూర్చుంటారు.

నెగటివ్ అన్న మాట

2001లో జపాన్‌లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో బ్యాక్టీరియా ఉన్న 1,246 మందిని సగటున ఏడెనిమిదేళ్లు గమనిస్తే 36 మందికి క్యాన్సర్ వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. "నెగటివ్ అయితే భయం లేదు" అన్న నమ్మకానికి ఇలాంటి అంకెలే బలం. అయితే ఎప్పుడూ సోకకపోవడం వేరు, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేకపోవడం వేరు. పొర పూర్తిగా పాడై పేగు పొరలా మారిన చోట ఆ బ్యాక్టీరియా బతకలేదు. అది తగ్గిపోతే యాంటీబాడీలు కూడా క్రమంగా గీత కిందికి దిగుతాయి. కార్డు పరీక్ష అప్పుడు నెగటివ్ చూపిస్తుంది.

జపాన్ వాళ్లు దీన్ని నాలుగు గ్రూపులుగా పెట్టారు. యాంటీబాడీ లేదు, పెప్సినోజెన్ బాగుంది: ఏ. యాంటీబాడీ ఉంది, పెప్సినోజెన్ బాగుంది: బీ. యాంటీబాడీ ఉంది, పెప్సినోజెన్ పడింది: సీ. యాంటీబాడీ లేదు, పెప్సినోజెన్ పడింది: డీ. 2005లో వచ్చిన లెక్కల్లో "ఏ" గ్రూపుతో పోలిస్తే సీ గ్రూపు ముప్పు సుమారు ఆరు రెట్లు, డీ గ్రూపుది ఎనిమిది రెట్లు. బ్యాక్టీరియా "నెగటివ్" వచ్చిన డీ గ్రూపే అన్నిటికన్నా ప్రమాదం. ఒంటి రక్షణ వ్యవస్థే అన్నాశయం పొరను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్ ఉన్నవాళ్లూ ఇదే గ్రూపులోకి వస్తారు, అందుకే ఈయనకు దాన్ని చూపించే పెరైటల్ సెల్ యాంటీబాడీల పరీక్ష కూడా చేయించాను. అవి లేవు.

మల పరీక్ష సంగతి వేరు. పాంటొప్రజోల్ వాడుతుండగా చేస్తే బ్యాక్టీరియా సంఖ్య తగ్గి తప్పుడు నెగటివ్ వస్తుంది. కనీసం రెండు వారాలు మాత్ర ఆపి చేయాలి, యాంటీబయాటిక్ వాడి ఉంటే నాలుగు వారాలు. ఊళ్లో చేసినప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మరి పెప్సినోజెన్ 1 విలువ 96 ఎందుకు వచ్చింది? రెండు కారణాలు. పాంటొప్రజోల్ లాంటి మందులు రక్తంలో పెప్సినోజెన్‌ని పెంచుతాయి. పైగా పెప్సినోజెన్ 1 కిడ్నీ ద్వారా మూత్రంలోకి పోతుంది. కిడ్నీ సరిగా పనిచేయకపోతే అది రక్తంలో పోగుపడుతుంది. అందుకే జపాన్ పద్ధతిలో కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లనీ, ఈ మాత్రలు వాడుతున్నవాళ్లనీ, అన్నాశయం ఆపరేషన్ అయినవాళ్లనీ, బ్యాక్టీరియాకి చికిత్స పూర్తయినవాళ్లనీ ఈ గ్రూపుల లెక్కలోకి తీసుకోరు. మన ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు. అక్కడి నుంచి వచ్చిన రిపోర్టులో పెప్సినోజెన్ 1 "నార్మల్" అని ఉంటే, పక్కన క్రియాటినిన్ చూడకుండా నేను నమ్మను. ఈయన విషయంలో ఆ రెండూ అంకెను పైకి తోస్తున్నా రేషియో 3 దాటలేదు. అంటే లోపల పాడైంది తక్కువేమీ కాదు.

గొట్టం వద్దన్న మనిషి

నిజానికి ఈ వయసులో ఇనుము లోపం, బరువు తగ్గడం, త్వరగా కడుపు నిండటం ఉంటే ఏ రక్త పరీక్ష కోసమూ ఆగకూడదు, నేరుగా ఎండోస్కోపీ చేయాలి. అదే చెప్పాను. ఆయన ససేమిరా అన్నారు. "రత్తం ఎంత కావాలంటే అంత తీసుకోండి, గొట్టం మాత్రం ఒద్దు." అమ్మకు గొట్టం వేశాకే జబ్బు ముదిరిందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో వాదించి లాభం లేదని నాకు తెలుసు.

గ్యాస్ మాత్ర ఆపించి, రక్త పరీక్ష మళ్లీ చేద్దామన్నాను. దానికి ఒప్పుకున్నారు. మంటగా ఉంటే రాత్రి ఫామోటిడిన్ 20 రాశాను. కిడ్నీ బాగోలేని మనిషికి మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న తెల్ల సిరప్‌లు సీసాలకు సీసాలు తాగించకూడదు, ఆ మాట ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పి పంపాను. బీ12 ఇంజెక్షన్లు అప్పుడే మొదలుపెట్టాం. రెండు వారాలయ్యాక పరగడుపున తీసిన రక్తం ఐస్ ప్యాక్‌లో బయటి ల్యాబ్‌కి వెళ్లింది.

పెప్సినోజెన్ 1: 58. పెప్సినోజెన్ 2: 27. రేషియో 2.1. హెచ్. పైలోరీ ఐజీజీ (మామూలు యాంటీబాడీ) గీత కిందే. ఆమ్లం తయారీని పెంచే హార్మోన్ గ్యాస్ట్రిన్-17 బాగా ఎక్కువ, 38. ఆమ్లం తగ్గితే గ్యాస్ట్రిన్ పెరుగుతుంది కాబట్టి పైభాగం క్షీణించిందన్న అనుమానానికి అది తోడు. కిడ్నీ జబ్బులో కూడా గ్యాస్ట్రిన్ పెరుగుతుంది కాబట్టి దానికి నేను పెద్ద విలువ ఇవ్వలేదు. ఇదే ల్యాబ్‌లో కాగ్‌ఏ అనే బ్యాక్టీరియా ప్రొటీన్‌కి యాంటీబాడీ కూడా చూశారు. పాజిటివ్. మామూలు యాంటీబాడీ పోయాక కూడా కాగ్‌ఏ యాంటీబాడీ చాలాకాలం నిలిచి ఉంటుంది. అంటే ఒకప్పుడు బ్యాక్టీరియా ఉండేది, అదీ కాస్త దుడుకు రకం.

కొడుకు అడిగాడు: "సార్, బ్యాక్టీరియా లేదని మూడు రిపోర్టులు చెప్తున్నాయి, మరి దాని వల్లే అంటారేంటి?" నేను కణాలు, గ్రంథులు అంటూ మొదలుపెట్టేలోపు తండ్రే అందుకున్నారు. జీడిమానుని కాండం తొలుచు పురుగు తినేసి పోయాక, మాను మొదలు దగ్గర పొట్టు, బంక ఉంటాయి గానీ పురుగు దొరకదు, పురుగు లేదని మాను బాగున్నట్టా అన్నారు. నేనింతకంటే బాగా చెప్పలేను. "అయితే మాను చీల్చి చూడాలంటారు" అన్నారు. చీల్చక్కర్లేదు, కెమెరాతో చూస్తే చాలన్నాను. ఆ వారంలోనే ఎండోస్కోపీకి వచ్చారు.

లోపల కనబడింది

ముందుగా నురగ పోగొట్టే సిమెథికోన్ కలిపిన నీళ్లు తాగించి, కొంచెం మత్తు ఇచ్చి చేశాం. నురగ, జిగురు ఉన్న పొరలో తొలిదశ క్యాన్సర్ కంటికి ఆనదు. రిపోర్టు ముందే చేతిలో ఉండటం వల్ల నాకు కలిగిన లాభం: ఎక్కడ ఎక్కువసేపు ఆగాలో ముందే తెలుసు. రేషియో ఇంత తక్కువున్న మనిషికి తొందర తొందరగా స్కోప్ లోపలికీ బయటికీ తిప్పేసి "గ్యాస్ట్రైటిస్" అని రాసి పంపకూడదు.

పొర పల్చబడి లోపలి రక్తనాళాలు తీగల్లా కనబడుతున్నాయి. క్షీణత కింది భాగం నుంచి చిన్న వంపు మీదుగా పైదాకా పాకింది. పొర మార్పులను తేటగా చూపే నారో బ్యాండ్ వెలుగులో చాలాచోట్ల లేత నీలి అంచులు మెరుస్తున్నాయి. పేగు పొరలా మారినదానికి అది గుర్తు. అన్నాశయం మలుపు దగ్గర, చిన్న వంపు మీద, చిటికెన వేలి గోరంత మేర పొర కాస్త గుంటపడి ఎర్రగా ఉంది. గాలి నింపితే చదునైపోతోంది, తగ్గిస్తే గుంట తెలుస్తోంది. మామూలు వెలుగులో పక్కనున్న ఎర్రదనంలో కలిసిపోతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంది, లోపల చిన్న రక్తనాళాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

అక్కడి నుంచి ముక్కలు తీశాం. పొర మొత్తం పరిస్థితి తెలియడానికి సిడ్నీ పద్ధతిలో కింది భాగం నుంచి రెండు, మలుపు నుంచి ఒకటి, మధ్యభాగం నుంచి రెండు ముక్కలు విడివిడి సీసాల్లో పంపాం. అన్నీ ఒకే సీసాలో వేసి పంపితే పాథాలజిస్టు ఏది ఎక్కడిదో చెప్పలేరు, అప్పుడు ముప్పు ఏ దశలో ఉందో తేలదు.

రిపోర్టు: గుంట నుంచి తీసిన ముక్కల్లో బాగా విభేదితమైన (కణాలు ఇంకా మామూలు కణాల్ని పోలివున్న) ట్యూబ్యులర్ అడినోకార్సినోమా, అంటే క్యాన్సర్. చుట్టుపక్కల పేగు రకం మార్పు, అది ఎంత పాకిందో చెప్పే ఓఎల్‌జీఐఎం లెక్కలో మూడో దశ. ముక్కలో బ్యాక్టీరియా ఉందేమో వెంటనే చూసే ర్యాపిడ్ యూరియేజ్ పరీక్ష నెగటివ్. కింది భాగంలో బ్యాక్టీరియా లేదు. మధ్యభాగం పెద్ద వంపు నుంచి తీసిన ముక్కలో మాత్రం, గీమ్సా స్టెయిన్‌లో, ఓ నాలుగైదు చోట్ల వంకర పుల్లల్లా కనబడ్డాయని పాథాలజిస్టు ఫోన్ చేసి చెప్పారు. పొర ఇంకా బతికున్న చోటికి అవి తరలిపోయాయి. చికిత్సలో ఇది పనికొచ్చింది.

చికిత్స

సీటీ స్కాన్‌కి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అనేసరికి కిడ్నీకి ఏమవుతుందోనని ఇంటిల్లిపాదీ భయపడ్డారు. ఉద్దానంలో ఆ భయం ఊరికే రాలేదు. ఈజీఎఫ్‌ఆర్ 30 పైన ఉంది, నీళ్లు సరిగా ఎక్కించి చేస్తే ముప్పు తక్కువని నెఫ్రాలజిస్టు మాట్లాడాక ఒప్పుకున్నారు. స్కాన్‌లో వాచిన లింఫ్ గ్రంథులు గానీ, కాలేయంలో మచ్చలు గానీ లేవు. తర్వాత క్రియాటినిన్ కూడా మారలేదు.

శ్రీకాకుళంలో ఈఎస్‌డీ చేసే సదుపాయం నా దగ్గర లేదు. బయటి పెద్ద సెంటర్‌కి పంపాను. పొట్ట కోయకుండా, ఎండోస్కోపీ ద్వారానే గడ్డ కింద ద్రవం నింపి పొరను పైకి లేపి, చుట్టూ కోసి, ఒకే ముక్కగా తీయడం ఈఎస్‌డీ. పొర పైభాగానికే పరిమితమైన, బాగా విభేదితమైన, పుండు లేని, రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఇది సరిపోతుంది. ఈయనది 14 మిల్లీమీటర్లు. ముక్క అంచుల్లో జబ్బు లేదు, రక్తనాళాల్లోకి గానీ లింఫ్‌లోకి గానీ పాకలేదు, లోతు మ్యూకోసా (అన్నింటికన్నా లోపలి పొర) వరకే. అన్నాశయం ఉన్నది ఉన్నట్టే మిగిలింది.

ఈఎస్‌డీ పుండు మానడానికి గ్యాస్ మాత్ర మళ్లీ తప్పలేదు. ఈసారి రెండు నెలలకని తేదీ వేసి రాశాం. దానితో పాటే బ్యాక్టీరియా చికిత్స. బిస్మత్, టెట్రాసైక్లిన్ ఉన్న నాలుగు మందుల కోర్సు మామూలుగా నేను ముందు వాడేది, కానీ కిడ్నీ ఈ స్థితిలో ఉన్నవాళ్లకి ఆ రెండూ మంచివి కావు. అందుకని గ్యాస్ మాత్రతో పాటు అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్ 14 రోజులు ఇచ్చాం. క్లారిత్రోమైసిన్ ఉన్నన్ని రోజులూ అటోర్వాస్టాటిన్ ఆపించాం, రెండూ కలిస్తే కండరాలు దెబ్బతింటాయి. ఆమ్లోడిపిన్ కూడా క్లారిత్రోమైసిన్‌తో గట్టిగా పనిచేస్తుంది కాబట్టి బీపీ ఇంట్లోనే చూసి రాసుకోమన్నాం. నోట్లో చేదు, వికారం ఉన్నా కోర్సు ఆపలేదు. భార్య దగ్గరుండి మింగించారు.

పోయిందా లేదా అన్నది యూరియా శ్వాస పరీక్షతో తేల్చాం, యాంటీబయాటిక్స్ అయి నాలుగు వారాలు దాటి, గ్యాస్ మాత్ర ఆపి రెండు వారాలయ్యాక. నెగటివ్. యాంటీబాడీ పరీక్షతో నయమైందో లేదో చూడటం దండగ, చికిత్స అయ్యాక కూడా అవి నెలలు, ఏళ్లు ఉంటాయి.

బ్యాక్టీరియా పోయినా మిగిలిన పొర అదే. కొరియాలో చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో, తొలిదశ గడ్డను ఎండోస్కోపీతో తీశాక బ్యాక్టీరియాకి చికిత్స ఇచ్చినవాళ్లలో కొత్త గడ్డలు దాదాపు సగానికి తగ్గాయి. పూర్తిగా పోలేదు. అందుకే ఆరు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఎండోస్కోపీ. మొదటిది అయ్యింది, మచ్చ శుభ్రంగా ఉంది. హిమోగ్లోబిన్ 12 దాటింది. తిమ్మిర్లు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. చుట్ట మానేశానంటున్నారు, భార్య ఏమీ అనలేదు.

తోబుట్టువులు

రక్త పరీక్షకు అసలైన చోటు నా దృష్టిలో ఇది. బాధ ఉన్న మనిషికి ఎండోస్కోపీ ఎలాగూ తప్పదు. బాధ ఏమీ లేని, ముప్పు ఉన్న దగ్గరి బంధువుల్లో ఎవరిని ముందు చూడాలో చెప్పడానికి ఈ ప్రొటీన్లు పనికొస్తాయి. జపాన్, కొరియాల్లా ఊరంతటికీ ఎండోస్కోపీ చేసే స్థోమత మనకు లేదు, జబ్బు తక్కువగా ఉన్న చోట ఆ అవసరమూ లేదు.

ఈయనకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. ఇద్దరి కిడ్నీలూ బాగున్నాయి, ఇద్దరూ గ్యాస్ మాత్రలు వాడరు. తమ్ముడికి ఐజీజీ పాజిటివ్, పెప్సినోజెన్ 88, 22, రేషియో 4. బీ గ్రూపు. చెల్లెలికి ఐజీజీ పాజిటివ్, పెప్సినోజెన్ 41, 19, రేషియో 2.2. సీ గ్రూపు. ఇద్దరికీ బ్యాక్టీరియా చికిత్స ఇచ్చాం. అమ్మ, అన్న చరిత్ర చూసి తమ్ముడికి కూడా ఒకసారి ఎండోస్కోపీ చేశాం, వాపు తప్ప ఏమీ లేదు.

చెల్లెలికి ఎండోస్కోపీ చేయడానికి మౌత్‌పీస్ పెడుతూ సిస్టర్ ఆగిపోయింది. "సార్, అంగుడు చూడండి." అంగిలి అంతా తెల్లబారి, మధ్యమధ్య ఎర్రచుక్కలు, ఒక పక్క కాస్త గరుకుగా ఉంది. ఆవిడ అడ్డపొగ తాగుతారు, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దావిడలకు ఇది పాత అలవాటే, అంగిలి క్యాన్సర్‌కి దారి కూడా. అన్నాశయంలో పేగు రకం మార్పు చాలాచోట్ల ఉంది, గడ్డ లేదు. అంగిలి కోసం అదే వారం నోటి శస్త్రవైద్యుల దగ్గరికి పంపాం. బయాప్సీలో క్యాన్సర్ రాలేదు, వాళ్లు గమనిస్తున్నారు. పెప్సినోజెన్ ఆవిణ్ణి స్కోప్ బల్ల దాకా తెచ్చింది కానీ, ముందు దొరికిన ప్రమాదం నోట్లోది.

పొర మార్పు ఈ స్థాయిలో ఉంటే యూరప్ మార్గదర్శకాలు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ అంటాయి, కుటుంబంలో క్యాన్సర్ ఉంటే ఏడాది, రెండేళ్లకోసారి. ఆవిడకు ఏడాదిన్నర అని రాశాం.

కొత్త ప్రొటీన్ల మీద పరిశోధన చాలా జరుగుతోంది. పేగు రకం కణాలు విడుదల చేసే టీఎఫ్ఎఫ్3ని పెప్సినోజెన్‌తో కలిపి చూస్తే మెరుగ్గా పట్టుకుంటుందని కొన్ని పనులు వచ్చాయి. ఒకేసారి వందల ప్రొటీన్లు కొలిచే పద్ధతులూ ఉన్నాయి. మా జిల్లా ల్యాబుల్లో రోజువారీ వాడకానికి అవి ఇంకా రాలేదు.

చివరిసారి వచ్చినప్పుడు కొడుకు అడిగాడు, నాన్నకి ఆ ప్యాకేజీ ప్రతి ఏడాదీ చేయించనా అని. వద్దన్నాను. బ్యాక్టీరియాకి చికిత్స అయ్యాక వాపు తగ్గి పెప్సినోజెన్ 2 పడిపోతుంది, రేషియో దానంతటదే పెరుగుతుంది. పొర బాగుపడినట్టు కాగితం చూపిస్తుంది, ముప్పు మాత్రం పూర్తిగా పోదు. ఆ డబ్బు ఏటా ఎండోస్కోపీకి దాచమన్నాను. అతని సొంత ఐజీజీ పాజిటివ్ వచ్చింది, పెప్సినోజెన్ బాగానే ఉంది. వయసు 28. కోర్సు రాసి, శ్వాస పరీక్ష హైదరాబాద్‌లోనే చేయించుకుని రిపోర్టు పంపమన్నాను.